రిపోర్టులో అన్నీ ‘నార్మల్’ అని ఉన్నా భయం పోవట్లేదు

ప్రశ్న: విశాఖపట్నం మధురవాడ వైపు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 38 ఏళ్లు, భర్తకు 41. ఇద్దరూ ఉద్యోగస్తులే. రెండుసార్లు ఐవీఎఫ్ విఫలమైంది. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకున్నారు కూడా. తర్వాత దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని మూడేళ్లకు పైగా ఎదురుచూశారు. ఈమధ్యే రిఫరల్ (దత్తతకు ఫలానా బిడ్డ ఉందన్న సమాచారం) వచ్చింది. ఉత్తరాంధ్రలోనే ఒక శిశుగృహలో ఉన్న పద్నాలుగు నెలల పాప. ఇచ్చిన 48 గంటల్లోపే రిజర్వ్ చేసుకున్నారు. చైల్డ్ స్టడీ రిపోర్ట్, మెడికల్ రిపోర్ట్ అని రెండు కాగితాలు చేతికి వచ్చాయి. పుట్టిన రెండు మూడు రోజులకు ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ఆస్పత్రి ఆవరణలో పాప దొరికిందట. అప్పటి బరువు 1.6 కిలోలు, ఇప్పుడు 7.4. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి నెగెటివ్. పట్టుకుని నిలబడుతుంది, ఇంకా నడవదు. ‘ఎదుగుదల కొంచెం ఆలస్యం’ అని ఒకచోట ఉంది. మిగతా గడులన్నిటిలో ‘నార్మల్’. తల్లిదండ్రుల గురించి ‘తెలియదు’.

ఇంట్లో తలా ఒక మాట. అత్తగారు ‘ఎవరి బిడ్డో, ఏ కులమో ఏటో తెలీకుండా ఎలాగమ్మా?’ అంటున్నారు. భర్త జన్యు పరీక్షలన్నీ చేయించాకే సంతకం పెడతానంటున్నారు. ఆడపడుచుకు తెలిసిన నర్సు ఒకావిడ కొంత డబ్బిస్తే కన్నతల్లి వివరాలు కనుక్కుని చెబుతానందట. ‘ఫొటో చూడగానే మా పాప అనుకున్నాను. కానీ రాత్రిళ్లు ఫోన్లో 1.6 కిలోల బరువుతో పుట్టినవాళ్ల గురించి చదువుతుంటే గుండె దడ. ఇన్ని ఆరాలు తీయడం తప్పా? తీయకపోతే తప్పా? చివరికి వద్దంటే పాపం తగులుతుందా? ఎవర్ని ఏం అడగాలో చెప్పండి. ఇంకో చిన్న సందేహం, పాప పేరు మార్చుకోవచ్చా?’ అని ఆమె అడుగుతున్నారు.

జవాబు: రిజర్వ్ చేశాక ఒప్పుకోవడానికి ఇచ్చే ముప్పై రోజుల గడువు మీకు నడుస్తోంది కాబట్టి ముఖ్యమైన సంగతులు ముందే మీకు మెయిల్‌లో రాశాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆరా తీయడం తప్పు కాదు. దత్తత నిబంధనలే మీకు ఆ హక్కు ఇచ్చాయి. ఒప్పుకునే ముందు పాప మెడికల్ రిపోర్టును మీకు నచ్చిన డాక్టరుకు చూపించుకోవచ్చని 2022 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి ‘ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో’ అన్న మొహమాటం వదిలేయండి. కాకపోతే అడిగే ప్రతి ప్రశ్నకు ముందు మీ ఇద్దరూ ఒకటి ఆలోచించుకోండి. దీనికి జవాబు దొరికితే మనం ఏం చేస్తాం? వైద్యం చేయిస్తామా, ఇల్లు సర్దుకుంటామా, నిర్ణయం మార్చుకుంటామా? ఏమీ చేయబోమంటే ఆ ప్రశ్న మీకు అక్కర్లేదు. మీ ఇంట్లో తిరుగుతున్న ప్రశ్నల్లో సగం ఇక్కడే రాలిపోతాయి.

ముందు ‘నార్మల్’ అన్న మాట సంగతి. ఆ గడిలో ఆ మాట రాసిన డాక్టరు పాపను బాగా చూసి రాసి ఉండొచ్చు, ఫారం నింపాలి కాబట్టి రాసి ఉండొచ్చు. కాగితం మీద ఈ రెండిటికీ తేడా తెలియదు. అందుకని మాటలు పక్కన పెట్టి అంకెలు, తేదీలు అడగండి. ఆ రిపోర్టు ఏ తేదీది? కొన్ని నెలల కిందటిదైతే కొత్తది చేయించమనండి. పాప వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా బరువు, పొడవు, తల చుట్టుకొలత ఎప్పుడెప్పుడు ఎంతెంత? శిశుగృహలో ఈ లెక్కలు రాసి ఉంచుతారు. 7.4 కిలోలు పద్నాలుగు నెలల ఆడపిల్లకు తక్కువే, కానీ ఆ ఒక్క అంకెను బట్టి ఏమీ తేల్చలేం. నెలనెలా ఎదుగుతూ వచ్చి 7.4కు చేరిందా, ఆరు నెలలప్పుడు బాగుండి తర్వాత ఆగిపోయిందా అన్నది డాక్టరుకు కావాలి. తల చుట్టుకొలత కూడా అంతే. మెదడు ఎదుగుదలకు అది చవకైన, నమ్మదగిన కొలత.

మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని 1.6 కిలోల గురించి కొంచెం విడమరిచి చెప్పాలి. పాప నెలలు నిండకుండా పుట్టి ఉండొచ్చు, లేదా నెలలు నిండినా కడుపులో సరిగ్గా ఎదగక తక్కువ బరువుతో పుట్టి ఉండొచ్చు. దొరికిన బిడ్డ కాబట్టి ఎన్నో నెలలో పుట్టిందో ఎవరికీ తెలియదు. అయితే వచ్చిన కొత్తలో నవజాత శిశువుల ప్రత్యేక వార్డయిన ఎస్‌ఎన్‌సీయూలో పెట్టి ఉంటే అక్కడి డాక్టర్లు చర్మం, చెవులు, అరికాళ్ల గీతలు చూసి ఎన్ని వారాల బిడ్డో అంచనా వేసి డిశ్చార్జ్ కాగితంలో రాస్తారు. ఆ డిశ్చార్జ్ సమ్మరీ అడిగి తీసుకోండి. ఎందుకంటే, పాప రెండు నెలలు ముందు పుట్టి ఉంటే ఎదుగుదలను చూసేటప్పుడు ఆమె వయసు పన్నెండు నెలలుగానే లెక్కపెట్టాలి. పిల్లల డాక్టర్లు రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కేస్తారు. పన్నెండు నెలల పిల్ల పట్టుకుని నిలబడి, ఇంకా నడవకపోతే దాన్ని ఆలస్యం అనరు. ఆ మాటకొస్తే పద్దెనిమిది నెలల దాకా నడవని పిల్లలు మామూలు ఇళ్లలోనూ ఉంటారు. పైగా ఒక్కో ఆయా చేతిలో నలుగురైదుగురు పిల్లలు ఉండే చోట, నేల మీద వదిలి వేలు పట్టుకుని నడిపించే తీరిక ఎవరికుంటుంది?

అంటే ఏ సమస్యా లేదని నేను అనట్లేదు. 2 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే కంటి రెటీనా పరీక్ష జరగాలి. ఆర్‌ఓపీ స్క్రీనింగ్ అంటారు. జరిగిందా, కాగితం ఉందా? లేకపోతే ఇప్పుడైనా పిల్లల కంటి డాక్టరుతో చూపించాలి. వినికిడి కూడా అంతే. చప్పట్లు కొడితే తిరిగి చూసిందన్నది పరీక్ష కాదు, ఓఏఈ గానీ బెరా గానీ, అంటే యంత్రంతో చేసే వినికిడి పరీక్ష, చేయించాలి. మాటలు రాకపోవడానికి చెవి కారణమైతే ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది. థైరాయిడ్ పరీక్ష చేయకపోయి ఉంటే అదీ చేయించమనండి. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికి రోజుకో మాత్ర చాలు, కానీ ఆలస్యమైతే తెలివితేటల మీద పడుతుంది. హిమోగ్లోబిన్ ఎంతో చూడండి. రక్తహీనతతో ఉన్న పిల్ల హుషారుగా ఉండదు, దాన్నే ‘ఎదుగుదల ఆలస్యం’ అని రాసే అవకాశం ఉంది.

వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్ పరీక్ష గురించి రిపోర్టులో ఉన్నట్టు మీరు రాయలేదు. మన పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో ఆ జన్యువు ఉంది. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు. పాప అక్కడ దొరికినంత మాత్రాన అక్కడి బిడ్డే అనుకోకండి, ఆస్పత్రికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కానీ హెచ్‌పీఎల్‌సీ అనే ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే విషయాన్ని సందేహంగా ఎందుకు ఉంచుకోవడం? పుట్టిన కొత్తలో చేసిన పరీక్ష ఉంటే మళ్లీ చేయించండి, మొదటి నెలల్లో ఫలితం అంత స్పష్టంగా రాదు. ఒక తేడా గుర్తుంచుకోండి. ఒక జన్యువే ఉంటే అది ‘ట్రెయిట్’, అందరిలాగే పెరుగుతుంది, పెళ్లీడుకొచ్చాక మాత్రం ఆ సంగతి తెలిసి ఉండాలి. రెండు జన్యువులూ ఉంటేనే జబ్బు. దానికి మందులు, టీకాలు, జీవితాంతం డాక్టరు పర్యవేక్షణ కావాలి. ‘సికిల్ పాజిటివ్’ అని ఎవరైనా ఫోన్లో చెబితే కంగారుపడకుండా ముందు ఇది అడగండి.

హెచ్‌ఐవీ నెగెటివ్ అని ఉంది కదా, మంచిదే. ఏ పరీక్ష, ఏ వయసులో చేశారన్నది మాత్రం డాక్టరు గారిని చూడమనండి.

ఇవన్నీ మీ అంతట మీరు పాపను తీసుకెళ్లి చేయించలేరు, చట్టప్రకారం ఆమె ఇంకా మీ బిడ్డ కాదు. శిశుగృహ మేనేజరుకు లిస్టు రాసి, ఏవి అయ్యాయి, ఏవి చేయించగలరు అని రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల చూసే కేంద్రాలు ఉన్నాయి, వాళ్ల ద్వారా చేయించమని కోరవచ్చు. మీ తరఫున రిపోర్టులు చూసే డాక్టరు మామూలు పిల్లల డాక్టరయినా ఫర్వాలేదు, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ దొరికితే ఇంకా మేలు. ‘బిడ్డను తీసుకోమంటారా?’ అని ఆ డాక్టరును అడగకండి. అది ఆయన చెప్పాల్సిన మాట కాదు. ‘ఈ పాపకు వచ్చే రెండేళ్లలో ఏమేం అవసరం పడొచ్చు?’ అని అడగండి.

ఇక మీవారు అంటున్న జన్యు పరీక్షల సంగతి. ఏదో ఒక జబ్బు లక్షణం కనిపించి డాక్టరు అడిగితే చేసేవి వేరు. పెద్దయ్యాక ఏ రోగం వస్తుందో ఇప్పుడే చూడాలని పసిపిల్లలకు పరీక్షలు చేయడాన్ని వైద్యులు సమర్థించరు. చేసినా, కొన్ని ఫలితాలు ‘అర్థం స్పష్టంగా తెలియదు’ అన్న కోవలో వచ్చి మీ టెన్షన్ ఇంకా పెంచుతాయి. మీ మామగారు యాభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారని ఉత్తరంలో మీరే రాశారు. ఐవీఎఫ్‌కు వెళ్లినప్పుడు మీవారు ఆ లెక్క వేసుకోలేదు కదా. నాకు ఆయన మీద కోపం లేదు. భయం వేసినప్పుడు కొందరు దేవుడికి మొక్కుకుంటారు, కొందరు టెస్టులు రాయించుకుంటారు. పైన చెప్పిన లిస్టు పట్టుకుని శిశుగృహతో మాట్లాడే పని ఆయనకే అప్పగించండి.

నర్సు విషయంలో మాత్రం నాకు రెండో అభిప్రాయం లేదు. వద్దు. దొరికిన బిడ్డ విషయంలో పోలీసులకు చెప్పి, పేపర్లో ఫొటో వేసి, ఎవరూ రాకపోతేనే బాలల సంక్షేమ కమిటీ దత్తతకు అర్హురాలని ప్రకటిస్తుంది. అంతమందికి దొరకని తల్లి డబ్బులిస్తే దొరుకుతుందా? దొరికిందని చెప్పేది కట్టుకథైతే జీవితాంతం దాన్నే నమ్ముతారు. నిజమైతే ఇంకా కష్టం. ఒక ఆడమనిషి రహస్యం బయటపడుతుంది, మీ చిరునామా తెలిసిన మనిషి ఒకరు బయట తిరుగుతుంటారు. ఈరోజు వివరాలకు డబ్బు అడిగినవాళ్లు రేపు నోరు మూసుకోవడానికి అడగరని ఏముంది? ఇదే నర్సు మరోరోజు ‘కారా ఎందుకండీ, నేరుగా బిడ్డనే ఇప్పిస్తా’ అన్నా ఆశ్చర్యపోకండి. పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు, కొనడం అమ్మడం అయితే అయిదేళ్ల దాకా. ఆడపడుచుతో మాట తేడా రాకుండా చెప్పాలంటే ‘కలెక్టరు ఆర్డరు మీద వచ్చే దత్తత వదినా, ఇలాంటిది బయటపడితే మొత్తం ఆగిపోతుంది’ అనండి. ఇప్పుడు దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరే. ఇంకో సంగతి, పాప ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టారని రాశారు. తీసేయండి. ఆ వివరాలు మీ ఇద్దరి కోసం ఇచ్చినవి.

అత్తగారికి ఏం చెప్పాలి? కులం ఎవరూ చెప్పలేరు, పుట్టిన గడియ తెలియదు కాబట్టి జాతకమూ లేదు. ఇది ఇకముందు తెలుస్తుందన్న ఆశ కూడా పెట్టకండి, ‘చూద్దాం అత్తయ్యా’ అంటే ఆవిడ చూస్తూనే ఉంటారు. కానీ ఆవిడ అడుగుతున్నది నిజంగా కులమేనా? ‘రేపు చుట్టాల్లో ఎవరైనా అంటే ఏం చెప్పాలి’ అన్న బెంగ కూడా అందులో ఉందని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. ఆ బెంగకైతే మందుంది. దత్తత ఉత్తర్వు వచ్చాక ఆ బిడ్డ అన్ని హక్కులతో మీ బిడ్డే, ఇంటిపేరూ మీదే, ఆస్తిలో వాటా కూడా ఉంటుంది. ఈ మాట మీరు కాదు, ఆమె కొడుకు చెప్పాలి, అదీ సంతకాలకు ముందే. ఇంట్లోకి వచ్చాక పాప వింటుండగా ఈ చర్చ జరగకూడదు.

మీరు అడగాల్సిన సామాజిక నేపథ్యం వేరే ఉంది, దాని గురించి మీ ఇంట్లో ఎవరూ ఆలోచిస్తున్నట్టు లేదు. ఈ పద్నాలుగు నెలలు పాప ఎలా బతికింది? అది చెప్పగలిగేది కాగితాలు కాదు, ఆయాలు. చూడటానికి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని అరగంటలో వచ్చేయకండి. భోజనం వేళకు ఉండేలా వెళ్లండి, రోజూ చూసుకునే ఆయాతో కూర్చునే వీలు అడగండి. పాలు సీసాతోనా, గ్లాసుతోనా? అన్నం ముద్ద నములుతుందా, మెత్తగా మెదిపి పెట్టిందే తింటుందా? చాలామంది పిల్లలకు త్వరగా పెట్టేయాలి కాబట్టి జారుడుగా చేసి పెడతారు, అలాంటి పిల్లకు ఇంటికొచ్చిన రోజే ఇడ్లీ ముక్క పెడితే ఉక్కిరిబిక్కిరవుతుంది. జో కొడితే పడుకుంటుందా, తనంతట తనే ఊగుతూ పడుకుంటుందా? రాత్రి లేస్తే ఏం చేస్తుంది? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, జ్వరానికి ఆస్పత్రిలో పెట్టారా? టీకాల కార్డు ఎక్కడుంది?

అన్నిటికంటే ముఖ్యం, ఏడుపు వస్తే ఎవరి దగ్గరికి వెళుతుంది? ఫలానా ఆయా దగ్గరికే అంటే సంతోషించండి. ఒకరిని నమ్మడం నేర్చుకున్న పిల్ల ఇంకొకరిని కూడా నమ్మగలదు. మిమ్మల్ని చూడగానే ఏడ్చి ఆయా మెడ కరుచుకుంటే నొచ్చుకోకండి, ఆ వయసుకు అదే ఆరోగ్యం. ఎవరు చేతులు చాచినా నవ్వుతూ వచ్చేసి, కింద పెట్టినా ఏడవని పిల్లను చూస్తే మన పెద్దలు ‘ఎంత బుద్ధిమంతురాలో’ అంటారు. తనదంటూ ఒక మనిషి దొరకని పిల్ల కూడా అలాగే ఉంటుంది. అది వద్దనడానికి కారణం కాదు. మొదటి కొన్ని నెలలు ఇంటికి బంధువులను పిలవకుండా, చేతులు మారకుండా మీ ఇద్దరే పెంచాలని దాని అర్థం. మీ సెలవులు అందుకు తగ్గట్టు పెట్టుకోండి.

దొరికిన రోజు వివరాలు కూడా రాసుకోండి. ఎవరు చూశారు, ఏ వేళ, ఏ బట్టలో చుట్టి ఉంది, ఆ బట్ట ఇంకా ఉందా? బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు కాపీ కూడా అడగండి. ఇవి మీ కోసం కాదు. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకునే దరఖాస్తు ఆమె సొంతంగా పెట్టుకోవచ్చు, అంతకుముందైతే మీతో కలిసి. ఈ వివరాలు ఇప్పుడు గుర్తున్న మనుషులు అప్పటికి అక్కడ ఉండరు.

వద్దంటే పాపమా అని అడిగారు. కాదు. పాప పేరు మళ్లీ జాబితాలోకి వెళుతుంది, వేరే కుటుంబం చూస్తుంది. మీకు మాత్రం నష్టం ఉంటుంది. రిజర్వ్ చేశాక కాదంటే సీనియారిటీలో వెనక్కి పోయే పరిస్థితి వస్తుంది, మీ కేసుకు ఏది వర్తిస్తుందో ముందే రాసి అడగండి. పరీక్షల్లో పెద్ద సమస్య బయటపడి, దాన్ని మోసే డబ్బు, ఓపిక, మనిషి సాయం మీ దగ్గర లేవని ఇద్దరికీ అనిపిస్తే ఇప్పుడు వద్దనడమే నయం. కానీ కులమనీ, కన్నవాళ్లు తెలియదనీ వద్దంటే వచ్చే రిఫరల్‌లోనూ అదే గడిలో అదే ‘తెలియదు’ ఉంటుంది. అప్పుడేం చేస్తారో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఒప్పుకుంటే, అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టి, కలెక్టరు ఉత్తర్వు రాకముందే ఫోస్టర్ కేర్ (తాత్కాలిక సంరక్షణ) కింద పాపను ఇంటికి తెచ్చుకోవచ్చు. మిగిలిన పరీక్షలు అప్పుడు కేజీహెచ్‌లోనో, మీకు నమ్మకమున్న చోటో చేయించుకోవచ్చు. కొందరు దీన్ని ‘ట్రయల్’ అనుకుంటారు, ‘నచ్చకపోతే వెనక్కి ఇచ్చేద్దాం’ అని. మీవారు ఆ దారిలో ఆలోచిస్తుంటే నాకు భయం. మీ ఇంట్లో అమ్మ, నాన్న అని అలవాటుపడ్డాక వెనక్కి వెళ్లడం ఆ పిల్లకు రెండోసారి వదిలేయడమే. నిర్ణయాన్ని మార్చగల పరీక్షలు, అంటే చూపు, వినికిడి, సికిల్ సెల్, ఎదుగుదల మీద డాక్టరు అభిప్రాయం, ఈ నాలుగూ సంతకానికి ముందే అవ్వాలని పట్టుపట్టండి. గడువులోపు కుదరదని శిశుగృహవాళ్లు అంటే, అవి తేలకుండా తీసుకోగలమా అన్నది మీరిద్దరూ ఒక్క మాట మీదకు రావాల్సిన విషయం. నేను చెప్పలేను. పాప అలా ఇంటికి వచ్చిన రోజు నుంచి రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూస్తారు. ఆవిడను తనిఖీ అధికారిలా కాకుండా, ఇబ్బందులు చెప్పుకునే మనిషిలా వాడుకోండి.

పేరు మార్చుకోవచ్చు. దత్తత ఉత్తర్వు తర్వాత పుట్టిన తేదీ సర్టిఫికెట్ మీ ఇద్దరి పేర్లతోనే వస్తుంది, అందులో మీరు పెట్టే పేరు రాయించుకోవచ్చు. ఆ పని కోసం బారసాల ముహూర్తం దాకా ఆగనక్కర్లేదు. అయితే రిపోర్టులో ఉన్న పేరుతోనే పాపను పిలుస్తున్నారనుకోకండి. ఆయాలు చిట్టి అనో బుజ్జి అనో ఇంకేదో అనో పిలుస్తుంటారు, పాప తిరిగి చూసేది ఆ పిలుపుకే. అదేమిటో కనుక్కుని ముద్దుపేరుగా ఉంచేయండి, మీరు పెట్టిన పేరు దాని పక్కన చేర్చి కొన్నాళ్లు రెండూ కలిపి పిలవండి.